శ్రీవిద్య మోసమా? మళ్లీ మళ్లీ ఎదురయ్యే సందేహాలకు జవాబులు

నేను శ్రీవిద్యోపాసనలో, అంటే లలితాదేవి మంత్రసాధనలో, ఉన్నానని తెలియగానే ఎవరైనా అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. పెళ్లి భోజనాల బంతిలో అడుగుతారు, రైల్లో అడుగుతారు, రాత్రి పదింటికి ఫోన్ చేసి అడుగుతారు. కొందరిది వెటకారం, కొందరిది భయం. కొందరు డబ్బు పోగొట్టుకుని ఏడుస్తూ అడుగుతారు. అందరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ ఒకచోట రాసిపెడుతున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. శ్రీవిద్య మోసం కాదు. శ్రీవిద్య పేరుతో మోసాలు మాత్రం జరుగుతున్నాయి, చాలానే జరుగుతున్నాయి. ఈ రెండో మాట ఒప్పుకోనివాడికి మొదటి మాట అనే హక్కు లేదని నా నమ్మకం. ఏ ప్రశ్నకు జవాబు ఆ ప్రశ్న కిందే పూర్తిగా ఉంది. మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లండి.

## ఇంకా బయటి నుంచి చూస్తున్నవాళ్లకు

శ్రీవిద్య అంటే అసలు ఏమిటి? ఇదీ ఒక బాబాగారి బిజినెస్సేనా?

లలితా త్రిపురసుందరిని మంత్రం, యంత్రం, పూజ, ధ్యానాల ద్వారా ఉపాసించే శాక్త సంప్రదాయం ఇది. మంత్రం పంచదశి, అంటే 15 అక్షరాలది. యంత్రం శ్రీచక్రం, అంటే బిందువు చుట్టూ త్రికోణాలు అల్లుకున్న బొమ్మ. మీ ఇంట్లో శుక్రవారం లలితా సహస్రనామం చదివే ఆనవాయితీ ఉంటే, ఈ సంప్రదాయం వాకిట్లో మీరు ఇప్పటికే నిలబడి ఉన్నారు.

దీనికి ఒక్క ఆఫీసు లేదు, ఒక్క అధిపతి లేడు. శృంగేరి, కంచి వంటి పీఠాల్లో శ్రీచక్రార్చన ఉంది. కంచి కామాక్షి అమ్మవారి ఎదుటే శ్రీచక్రం ఉంది. పేరూ ఊరూ ఎవరికీ తెలియకుండా తెల్లవారుజామున జపం చేసుకుని ఉద్యోగానికి పోయే గృహస్థులు వేలల్లో ఉన్నారు. ఒక మనిషి పట్టుబడితే ఆ మనిషి దుకాణం మూతపడుతుంది. వీళ్లెవరి పూజా ఆగదు.

అంత మంచిదైతే ఎందుకు దాచిపెడతారు? దాచారంటేనే మోసమున్నట్టు కదా?

నాకు ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న ఇదే, న్యాయమైన ప్రశ్న కూడా. ముందు, దాచింది ఎంతో చూడండి. సహస్రనామం ప్రతి పుస్తకాల షాపులో దొరుకుతుంది. సౌందర్యలహరి 32వ శ్లోకంలో మంత్రాక్షరాలు సంకేతాల్లో ఉన్నాయి, వ్యాఖ్యానం ఉన్న పుస్తకం తీస్తే ఆ సంకేతాలు విప్పి కనిపిస్తాయి. పూజా పద్ధతులు అచ్చయ్యాయి. అంటే సమాచారాన్ని ఎవరూ తాళం వేసి పెట్టలేదు.

గోప్యం అని మేమనేది వేరు. ఎవరికి ఏ మంత్రం, ఎప్పుడు, ఎంత జపం, ఏది ఆపాలి అన్నది గురువు ఎదుటి మనిషిని చూసి చెబుతాడు. వీణ పుస్తకం కొన్నంత మాత్రాన వేళ్లకు వీణ రాదు కదా. బ్రహ్మాండ పురాణంలో హయగ్రీవుడు అగస్త్యుడికి అమ్మవారి కథంతా చెప్పి సహస్రనామం మాత్రం చెప్పడు. అగస్త్యుడు ఎందుకు చెప్పలేదని అడిగాకే చెబుతాడు. అడగనివాడికి అంటగట్టకూడదన్నదే అక్కడ పద్ధతి. సంతలో అరిచి అమ్మేవాడి పద్ధతికి ఇది పూర్తిగా ఎదురు.

అయితే గోప్యానికి హద్దు ఉంది. నా మంత్రం, నా అనుభవం గోప్యం. గురువుగారి అసలు పేరు, ఆయన గురువెవరో, డబ్బు లెక్క, దీక్ష గదిలో జరిగేది, ఇవేవీ గోప్యం కావు. వీటిని కూడా "రహస్యం" అనేవాడు మంత్రాన్ని కాపాడడం లేదు, తనని తాను కాపాడుకుంటున్నాడు.

ఇది క్షుద్రపూజ, చేతబడి లాంటిదేనా? మా అత్తగారు భయపడుతున్నారు.

కాదు. శ్రీవిద్యలో ఉపాస్య దేవత తల్లి. పూజలో వాడేది కుంకుమ, పూలు, దీపం, నైవేద్యం. "తంత్రం" అన్న మాట వినగానే సినిమాల్లో చూసిన పుర్రెలు, నిమ్మకాయలు కళ్ల ముందుకొస్తాయి, అంతే. లలితా సహస్రనామంలోనే "మహాతంత్రా, మహామంత్రా, మహాయంత్రా" అని మూడు పేర్లు వరుసగా ఉన్నాయి. అత్తగారు రోజూ చదువుతుంటే ఆ మూడింటినీ రోజూ పలుకుతున్నట్టే.

ఒక మాట బాధతోనే చెప్పాలి. మన పల్లెల్లో చేతబడి, బాణామతి అనుమానంతో అమాయకులను కొట్టిన సంగతులు, చంపిన సంగతులు ఉన్నాయి. ఎవరి మీదైనా అలాంటి మాట తేలిగ్గా అనకండి.

మద్యం, మాంసం, ఇంకేవేవో ఉంటాయట. నిజం చెప్పండి.

నిజమే చెబుతాను. శ్రీవిద్యలో సమయాచారం, కౌలాచారం అని దారులున్నాయి, రెండూ కలిసిన మిశ్రమమూ ఉంది. సమయాచారంలో పూజ ప్రధానంగా లోపలే, హృదయంలోనే. కౌల శాస్త్రాల్లో పంచమకారాల, అంటే మద్యం, మాంసం వంటి 'మ'తో మొదలయ్యే అయిదింటి, ప్రస్తావన ఉంది, దాన్ని లేదనడం అబద్ధం. ఈ విషయం మీద సంప్రదాయం లోపలే శతాబ్దాల వాదన నడిచింది. గజపతుల కాలంలో సౌందర్యలహరికి వ్యాఖ్యానం రాసిన లక్ష్మీధరుడు కౌలాన్ని గట్టిగా ఖండించాడు. 18వ శతాబ్దంలో భాస్కరరాయలు సహస్రనామానికి భాష్యం రాస్తూ కౌలానికి శాస్త్ర గౌరవం నిలబెట్టాడు. సహస్రనామంలో "సమయాచారతత్పరా" ఉంది, "కౌలమార్గతత్పరసేవితా" కూడా ఉంది.

కానీ కౌలులు ప్రమాణంగా తీసుకునే కులార్ణవ తంత్రమే తాగుడు గురించి ఏమంటుందో చూడండి. మద్యం తాగితేనే సిద్ధి వస్తుందంటే తాగుబోతులందరూ సిద్ధులైపోవాలి కదా అని నిలదీస్తుంది. మన ఇళ్లలో జరిగే పూజల్లో వాడేది పాలు, కొబ్బరినీళ్లు వంటి ప్రతినిధి ద్రవ్యాలు. దీక్షకు శారీరక సంబంధం అవసరమని ఎవడైనా అంటే ఆ క్షణమే లేచి బయటికి వచ్చేయండి. శాస్త్రచర్చ అక్కర్లేదు, వాడితో వాదనా అక్కర్లేదు.

శంకరాచార్యులే స్థాపించారంటారు. అదీ కల్పితమేనా?

సంప్రదాయం సౌందర్యలహరిని శంకరులదే అంటుంది. ఆధునిక పండితుల్లో చాలామంది దాన్ని సందేహిస్తారు. నేను రోజూ ఆ శ్లోకాలు చదువుతాను, ఆ సందేహం నన్ను ఇబ్బంది పెట్టదు. ఈ విద్య ప్రాచీనతకు ఆధారం ఆ ఒక్క పేరు మీదే లేదు. దీని మూలగ్రంథాల్లో ఒకటైన వామకేశ్వరీమతానికి 13వ శతాబ్దంలో కాశ్మీరానికి చెందిన జయరథుడు వ్యాఖ్యానం రాశాడు. వ్యాఖ్యానమే అప్పటిదైతే మూలం అంతకంటే పాతదే కదా. కాబట్టి ఎనిమిది వందల ఏళ్లకు పైబడి ఉందని ధైర్యంగా చెప్పొచ్చు. "లక్షల ఏళ్ల నాటిది, నాసా ఒప్పుకుంది" అనాల్సిన అవసరం లేదు.

ఓంకారం వినిపిస్తే ఇసుకలో శ్రీచక్రం ఏర్పడుతుందని వీడియో చూశాను. అమెరికా ఎడారిలో కూడా దానంతటదే వెలిసిందట?

దయచేసి ఇలాంటివి ఫార్వర్డ్ చేయకండి. పలక మీద ఇసుక పోసి శబ్దం ఇస్తే అందమైన ఆకారాలు వస్తాయి, నిజమే. 43 త్రికోణాల శ్రీచక్రం ఓంకారంతో వస్తుందనడానికి మాత్రం ఆధారం లేదు. ఎడారి సంగతి 1990 నాటిది. ఆరెగాన్ రాష్ట్రంలో ఎండిన సరస్సు మట్టి మీద పెద్ద శ్రీయంత్రం విమానంలోంచి కనబడింది. తరవాత ఒక చిత్రకారుడు, ఆయన మిత్రులు కలిసి తామే నాగలితో గీశామని చెప్పారు. నన్నడిగితే అంత పెద్ద బొమ్మను మనుషులు ఓపికగా గీశారన్నదే గొప్ప సంగతి. అబద్ధపు సాక్ష్యం తెచ్చి అమ్మవారిని నిలబెట్టాలనుకోవడం ఆవిడకు అవమానం. ఆ అబద్ధం బయటపడిన రోజు నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు.

చదువుకున్నవాళ్లు, పెద్దవాళ్లు ఎవరైనా దీన్ని పాటించారా?

ముత్తుస్వామి దీక్షితులు శ్రీవిద్యోపాసకుడు. తిరువారూరు కమలాంబ మీద ఆయన చేసిన నవావరణ కృతులు శ్రీచక్రంలోని తొమ్మిది ఆవరణలను, అంటే బయటి నుంచి బిందువు దాకా ఉన్న వరుసలను, ఒక్కొక్కటిగా వర్ణిస్తాయి. కలకత్తా హైకోర్టు న్యాయమూర్తి సర్ జాన్ వుడ్రాఫ్, ఆర్థర్ అవలాన్ అనే కలం పేరుతో తంత్ర గ్రంథాలను ఇంగ్లీషులోకి తెచ్చాడు. తంత్రమంటే అసహ్యించుకునే కాలంలో, సాక్ష్యాలు తూచే వృత్తిలో ఉన్న మనిషి దాని తరఫున నిలబడ్డాడు. మన దగ్గర, అనకాపల్లి సమీపంలోని దేవీపురంలో మేరు ఆకారంలో, అంటే శ్రీచక్రాన్ని కొండలా పైకి లేపినట్టు, ఆలయం కట్టించిన అమృతానందనాథ సరస్వతి పూర్వాశ్రమంలో టాటా పరిశోధన సంస్థలో భౌతిక శాస్త్రవేత్త.

పెద్దవాళ్లు నమ్మారు కాబట్టి నిజమైపోదు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ కేవలం అమాయకులను పట్టే వల అయితే ఇలాంటివాళ్లు జీవితమంతా అందులో ఎందుకుంటారు? కనీసం ఆ ప్రశ్న వేసుకోండి.

## గురువు కోసం వెతుకుతున్నవాళ్లకు

ఈయన నిజమైన గురువో, మోసగాడో ఎలా తెలుసుకోవాలి?

ఈ భయం ఇవాళ్టిది కాదు. శిష్యవిత్తాపహారకులు, అంటే శిష్యుడి డబ్బు కాజేసే గురువులు కోకొల్లలనీ, శిష్యసంతాపహారకుడు, అంటే శిష్యుడి బాధ తీసేసే గురువు దొరకడం అరుదనీ కులార్ణవ తంత్రం ఏనాడో చెప్పింది. ఒక్క మాట మార్చి ఎంత తేడా చూపించారో. మన వేమన దొంగ గురువులను ఎంత తిట్టాడో మీకు తెలిసిందే. హెచ్చరిక ఇంట్లోనే ఉంది, మనమే చదవడం లేదు.

నేను చూసే గుర్తులు చెబుతాను. మొదటిది తొందర. "ఈ పౌర్ణమి దాటితే మళ్లీ పన్నెండేళ్ల దాకా ముహూర్తం లేదు" అన్నాడంటే అది అమ్మకం. మా గురువుగారి దగ్గరికి నేను ఏడాదిన్నర తిరిగాను. వెళ్లినప్పుడల్లా కాఫీ ఇచ్చి, సహస్రనామం తప్పుల్లేకుండా చదవడం వచ్చిందా అని అడిగి పంపేసేవారు. ఒకసారి నాకు కోపం కూడా వచ్చింది.

రెండోది భయపెట్టడం. మీ ఇంట్లో దోషముంది, మీ అబ్బాయికి గండముంది అని మొదలుపెట్టేవాడు మిమ్మల్ని అమ్మవారి దగ్గరికి తీసుకెళ్లడం లేదు.

మూడోది ఒంటరిని చేయడం. "ఇంట్లో చెప్పకు, నీ భర్తకు అర్థం కాదు" అంటే జాగ్రత్తపడండి. గృహస్థులకు భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడే గురువులే నేను చూసినవాళ్లలో మంచివాళ్లు.

ఇక నాలుగోది, నా దృష్టిలో అన్నిటికంటే నమ్మదగింది. "ఇది నాకు తెలియదు" అని ఆయన ఎప్పుడైనా అన్నారా? ఆరు నెలలు గమనించండి. ఒక్కసారి కూడా అనకపోతే దూరంగా ఉండడం మంచిది.

డబ్బు తీసుకుంటే మోసమేనా? గురుదక్షిణ ఎంత ఇవ్వాలి?

డబ్బు తీసుకున్నంత మాత్రాన మోసం కాదు. గురువుకూ ఇల్లుంది, బియ్యం కొనాలి. నేనిచ్చింది పంచెల చాపు, పళ్లు, నూటపదహార్లు. అందులోంచి పదహారు రూపాయలు తీసి మా అమ్మాయి చేతిలో పెట్టారాయన. అందరూ అలాగే ఉండాలని నేననను.

దక్షిణ అంటే శిష్యుడు తన శక్తికి తగ్గట్టు ఇచ్చేది. రేటు కార్డు ఉంటే అది ఫీజు, అప్పుడు ఫీజని చెప్పి రసీదు ఇవ్వాలి. మంత్రానికి ఇంత, పై మంత్రానికి ఇంతకు రెట్టింపు అని మెట్లమెట్లుగా ధర పెంచుకుంటూ పోతే, అప్పు చేసైనా తెమ్మంటే అది దోపిడీ. బంగారం తాకట్టు పెట్టి దీక్ష తీసుకున్నవాళ్లు నాకు తెలుసు. వడ్డీ కట్టే తేదీ దగ్గరపడుతుంటే జపం మీద మనసెలా నిలుస్తుంది?

ఆన్‌లైన్‌లో దీక్ష ఇస్తామంటున్నారు. పనిచేస్తుందా?

దీని మీద పెద్దల్లోనే ఏకాభిప్రాయం లేదు. దూరదేశంలో ఉన్న శిష్యుడికి, ఏళ్ల పరిచయం తరవాత, వీడియోలో ఉపదేశం ఇచ్చేవాళ్లున్నారు. దాన్ని నేను తప్పుపట్టను. ముఖం తెలియని మనిషికి డబ్బు పంపగానే మంత్రం పీడీఎఫ్‌లో వస్తే మాత్రం అది దీక్ష కాదు. మీరు ఒక ఫైలు కొన్నారంతే.

పరంపర ఉందంటున్నారు. అది అబద్ధమైతే ఎలా తెలుస్తుంది?

అడగండి. శ్రీవిద్యలో శిష్యుడు రోజూ గురుపాదుకలను స్మరిస్తాడు. గురువు, పరమగురువు, పరమేష్ఠి గురువు అని కనీసం మూడు తరాలు. అంటే పరంపర ఉన్నవాడికి ఆ పేర్లు నాలుక మీదే ఉంటాయి. ఆ మూడు తరాలు ఎక్కడివాళ్లు, వాళ్ల మిగతా శిష్యులెవరు అని మర్యాదగా అడిగితే మంచివాళ్లు సంతోషిస్తారు. తరవాత ఆ శిష్యుల్లో ఒకరిద్దరితో మాట్లాడండి. "హిమాలయాల్లో మహావతారుడు నాకు నేరుగా ఇచ్చాడు" అన్నదాన్ని మీరూ నేనూ సరిచూడలేం. సరిచూడలేనిదాని మీద ఇల్లూ వాకిలీ పెట్టకండి.

ఆడవాళ్లకు, ఇతర కులాలవాళ్లకు అర్హత లేదన్నారు. అదీ ఒకరకం మోసం కాదా?

మోసమనను కానీ అన్యాయమంటాను. అలా అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అలా అనకుండా, భక్తీ నిలకడా చూసి అందరికీ ఉపదేశించే గురుపరంపరలు కూడా ఉన్నాయి. దేవీపురంలో కులం, స్త్రీపురుష భేదం చూడకుండా పూజ నేర్పారు. ఉపాసించేది తల్లిని, పూజలో సువాసినికి, అంటే ముత్తయిదువకు, నమస్కరించేది మేము. అలాంటిచోట స్త్రీకి తలుపు వేయడం నాకెప్పుడూ మింగుడుపడలేదు. ఒక తలుపు మూస్తే ఇంకో తలుపు తట్టండి.

## దీక్ష దగ్గర, సాధన మొదలయ్యాక

దీక్షలో ఏం జరుగుతుంది? ఒంటరిగా రాత్రిపూట రమ్మన్నారు.

మామూలుగా జరిగేది చెబుతాను. స్నానం, సంకల్పం, గణపతి పూజ, గురుపూజ, ఆపైన చెవిలో మంత్రోపదేశం. నాకు ఇచ్చినప్పుడు గురువుగారు మా ఇద్దరి తలల మీదా ఎర్ర పట్టు శాలువా కప్పారు. లోపల గంధం, కర్పూరం వాసన. మూడుసార్లు చెవిలో చెప్పి, మూడుసార్లు నాచేత చెప్పించుకున్నారు. పక్క గదిలో ఆయన భార్య పులిహోర కలుపుతున్నారు, తలుపు తీసే ఉంది. చాలా పరంపరల్లో మొదట బాలా మంత్రమే ఇస్తారు, అది మూడక్షరాలే. పంచదశి తరవాతి మాట.

ఒంటరిగా, రాత్రి, ఇంట్లో చెప్పకుండా రమ్మంటే వెళ్లకండి. మా వాళ్లను తోడు తెచ్చుకుంటానని చెప్పి చూడండి, ఆయన ముఖం చూస్తే సంగతి తెలిసిపోతుంది.

ఎనర్జీ నింపిన శ్రీచక్రం కొనమంటున్నారు. కొనాలా?

కొన్నేళ్ల క్రితం మా పిన్ని ఒక రాగి శ్రీచక్రం తెచ్చుకుంది. కోటి జపంతో శక్తి నింపామని చెప్పి 21,000 రూపాయలు తీసుకున్నారు. నేను అగ్గిపుల్ల కొసతో త్రికోణాలు లెక్కపెట్టాను. మధ్యలో 1, దాని చుట్టూ 8, ఆపైన 10, మళ్లీ 10, బయటి వరుసలో 14. మొత్తం 43 ఉండాలి. ఆ రేకులో బయటి వరుసలో 12 మాత్రమే ఉన్నాయి. గీతలు ఒకదానికొకటి తగలకుండా ఆగిపోయాయి. కోటి జపం చేసినవాడికి రెండు త్రికోణాలు తక్కువున్నాయని కనబడలేదా? పిన్ని చాలాసేపు మాట్లాడలేదు. ఆ రేకును ఇప్పటికీ బీరువాలోనే పెట్టింది, పారేయడానికి మనసొప్పక.

పైకి చూసే నాలుగు, కిందికి చూసే అయిదు పెద్ద త్రికోణాలు ఒకదాన్నొకటి కోసుకుంటే ఆ 43 వస్తాయి. మూడు గీతలు కలిసే మర్మస్థానాల్లో వెంట్రుకవాసి తేడా వచ్చినా బొమ్మ తప్పుతుంది. అందుకే సరిగ్గా గీయడం చాలా కష్టం. కొనేముందు లెక్కపెట్టండి. అసలు మొదట్లో యంత్రమే అక్కర్లేదు, పటం ముందు దీపం పెట్టి నామం చదువుకోవచ్చు. "శక్తి నింపాం" అన్నదాన్ని కొలిచే పరికరం అమ్మినవాడి దగ్గరా లేదు, మీ దగ్గరా లేదు. ప్రాణప్రతిష్ఠ మీ గురువు చేతుల మీదుగా, మీ ఇంట్లో, మీ కళ్లెదుట జరగాలి.

మధ్యలో మానేస్తే అమ్మవారు శిక్షిస్తుందా?

శిక్షించదు. మానేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. పిల్లల పనులు, ఉద్యోగం, వైరాగ్యం ఇలా ఏవో కారణాలు. ఎవరికీ ఏమీ కాలేదు. మళ్లీ మొదలుపెట్టినవాళ్లూ ఉన్నారు. ఆ భయాన్ని మీలో ఎవరు నాటారో గుర్తుతెచ్చుకోండి, ఆ మనిషికి మీరు వెళ్లిపోతే నష్టమెంతో కూడా లెక్కేయండి.

రెండేళ్లుగా జపం చేస్తున్నా. ఏమీ జరగలేదు. మోసపోయానా?

ఏం జరగాలని చేశారో దాన్నిబట్టి ఉంటుంది. ప్రమోషన్ వస్తుందని, వెలుగులు కనిపిస్తాయని ఎవరైనా హామీ ఇచ్చి ఉంటే, అవును, ఆ హామీ మోసం. హామీ ఎవరూ ఇవ్వకపోతే ఇంట్లోవాళ్లను అడగండి. రెండేళ్ల క్రితానికీ ఇప్పటికీ నా కోపంలో తేడా ఉందా అని. నాకు నాలుగో ఏడు దాకా చెప్పుకోదగ్గ "అనుభవం" ఒక్కటీ లేదు. ఆ తరవాత వచ్చినదీ పదిమందిలో చెప్పేంత పెద్దది కాదు. పొద్దున లేవగానే వచ్చే టెన్షన్ తగ్గింది, అంతే. "అంతర్ముఖసమారాధ్యా, బహిర్ముఖసుదుర్లభా" అని అమ్మవారి పేర్లు. లోపలికి తిరిగినవాళ్లకు సులభం, బయటికి చూసేవాళ్లకు కష్టం.

మా గురువుగారు గాల్లోంచి విభూతి తీస్తారు. సిద్ధులు నిజం కావా?

శ్రీచక్రం ఎదురుగా పెట్టుకుని చూడండి. అణిమ మొదలైన సిద్ధులు ఎక్కడున్నాయి? మొదటి ఆవరణలో, అన్నిటికంటే బయటి చతురస్రం గీత మీద, గుమ్మం దగ్గర. అమ్మవారు ఎక్కడుంది? తొమ్మిదో ఆవరణలో, బిందువులో. సిద్ధులకు మనవాళ్లు ఇచ్చిన చోటు అది. లోపలికి పోయేవాడు గుమ్మం దగ్గర దుకాణం పెట్టుకోడు. పైగా విభూతి తీయడం, నాలుక మీద కర్పూరం వెలిగించడం ఇంద్రజాలికులు వేదిక మీద రోజూ చేసే పనులే. గురువును ఎంచుకోవడానికి అవి కొలత కాదు.

శ్రీచక్రంలో సర్వరోగహర చక్రముందిగా. మందులు మానేయమన్నారు.

మానకండి. ఈ ఒక్క విషయంలో నేను బతిమాలుతున్నాను. ఏడో ఆవరణ పేరు సర్వరోగహరమే. దాన్ని పెద్దలు సంసారమనే రోగానికి అన్వయించారు. షుగరు, బీపీ మాత్రలు మానమని ఏ పద్ధతి గ్రంథంలోనూ నేను చూడలేదు. మంత్రాలు, కవచాలు, తాయెత్తులతో జబ్బులు నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని మన దేశంలో 1954 నాటి చట్టం నిషేధించింది. ఆ చట్టం జాబితాలోని జబ్బులకు అలా ప్రకటన ఇచ్చినవాడు నేరం చేసినట్టే. జపం చేసుకోండి, మాత్ర వేసుకోండి. రెండింటికీ గొడవ లేదు.

జపం మొదలుపెట్టాక నిద్ర పట్టడం లేదు, గొంతులు వినిపిస్తున్నాయి. కుండలిని లేచిందా?

జపం ఆపేసి ముందు డాక్టరుకు చూపించుకోండి. మానసిక సహాయానికి టెలీమానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. "కుండలిని లేచింది, ఇంకా గట్టిగా చెయ్యి" అనేవాడు ప్రమాదకరమైన మనిషి. మంచి గురువు మొదట చేసే పని ఆపమనడమే. ఆరోగ్యం కుదుటపడ్డాక మళ్లీ మొదలుపెట్టాలా వద్దా అన్నది నిదానంగా చూసుకోవచ్చు.

## మోసం జరిగిందని తెలిశాక

గురువు మోసగాడని తేలింది. ఆయనిచ్చిన మంత్రం ఇక పనికిరాదా?

దీనికి ఇద్దరు పెద్దలు రెండు రకాలుగా చెబుతారు. నాకు తోచింది ఇది. ఆ మంత్రం పలికితే ఆ మనిషి ముఖమే గుర్తొస్తుంటే పక్కన పెట్టండి. లలితా సహస్రనామం చదువుకోండి, దాన్ని మీకు ఏ మోసగాడూ ఇవ్వలేదు. కొన్నాళ్లకు మంచి గురువు దొరికితే జరిగింది దాచకుండా చెప్పండి. ఆయన మళ్లీ ఉపదేశం ఇస్తారు.

వదిలేస్తే గురుద్రోహం కాదా?

కాదు. తేనె కోసం తుమ్మెద ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు వెళ్లినట్టు, జ్ఞానం కోరే శిష్యుడు ఒక గురువు నుంచి ఇంకో గురువు దగ్గరికి వెళ్లొచ్చని కులార్ణవమే అంటుంది. గురుద్రోహం అన్న మాటతో మిమ్మల్ని కట్టేసేవాళ్లు ఈ శ్లోకం చెప్పరు. శిష్యద్రోహం జరిగినచోట గురుద్రోహం గురించి మీకు దిగులక్కర్లేదు.

పోలీసులకు చెబితే మన సంప్రదాయం పరువు పోతుందేమో?

పరువు తీసింది ఆ మనిషి, మీరు కాదు. మీరు ఊరుకుంటే రేపు ఇంకొకరు వాడి గుమ్మం ఎక్కుతారు. మోసం చేసి డబ్బు తీసుకోవడం భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద నేరం. పాత 420 స్థానంలో 2024 జులై 1 నుంచి ఇది వచ్చింది. ఫోన్‌పే, గూగుల్‌పే లాంటివాటి ద్వారా డబ్బు పోతే వెంటనే 1930కు ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. స్త్రీలకు 181, ఏ అత్యవసరమైనా 112. మెసేజ్‌లు, పంపిన డబ్బు వివరాలు చెరపకండి. శరీరాన్ని తాకిన నేరమైతే ఆలస్యం చేయకుండా వెళ్లండి, నమ్మకమైనవాళ్లను తోడు తీసుకెళ్లండి.

ఉపాసకులకు నాదో విన్నపం. బాధితులు వచ్చి చెప్పినప్పుడు "నీ కర్మ" అనకండి. ఆ ఒక్క మాటతో ఆ మనిషి అమ్మవారికి జీవితాంతం దూరమవుతాడు.

మా అన్నయ్య హేతువాది. అంతా మోసమే అంటాడు. ఏమని జవాబివ్వాలి?

సగం విషయాల్లో ఆయనదే సరైన మాటని ముందు ఒప్పుకోండి. నకిలీ గురువుల సంగతి, రోగాల సంగతి, గాల్లోంచి విభూతి సంగతి, వీటన్నిట్లో ఆయనా మనమూ ఒకే పక్షం. మిగిలిన సగంలో, దేవి ఉందని మీరు రుజువు చేయలేరు, చేయబోకండి. మోసమంటే అబద్ధమని తెలిసీ చెప్పి లాభపడడం. తెల్లవారుజామున లేచి, ఎవరి దగ్గరా పైసా తీసుకోకుండా జపం చేసుకునే మనిషి ఎవరిని మోసం చేస్తున్నాడో ఆయన్నే చెప్పమనండి. పొరపాటు నమ్మకం అనుకోవచ్చు, ఆ హక్కు ఆయనకుంది. మోసం అనడం వేరు.

మా అమ్మ ఒకాయన చేతుల్లో చిక్కుకుంది. ఎలా బయటికి తేవాలి?

ఆయన్ని తిట్టకండి. తిడితే అమ్మ ఇంకా అటే జరుగుతుంది. సాయంత్రం ఆవిడ పక్కన కూర్చుని సహస్రనామం మీరూ చదవండి, రానివాళ్లయినా సరే. ఆవిడకు కావలసింది అమ్మవారూ, పక్కన ఒక మనిషీ. ఆ రెండూ ఇంట్లోనే దొరికితే అక్కడికి వెళ్లే అవసరం తగ్గుతుంది. డబ్బు విషయం మాత్రం వెంటనే చూడండి. బ్యాంకు పాసుబుక్కు, బంగారం, ఇంటి కాగితాలు ఎక్కడున్నాయో కనుక్కోండి. పెద్ద మొత్తం ఇచ్చేముందు ఒక్క వారం ఆగమని మాట తీసుకోండి. ఆ వారంలో ఆయన దగ్గర్నుంచి ఎన్ని ఫోన్లు వచ్చాయో అమ్మ చేతే ఒక కాగితం మీద రాయించండి. మా పిన్ని చేత మేము అలాగే రాయించాం. మూడో రోజుకు పద్నాలుగు గీతలు పడ్డాయి. నాలుగో రోజు నుంచి ఆవిడే ఫోన్ ఎత్తడం మానేసింది.